కంటిన్యుటీ

నా పని చూడడం.
టీగ్లాసు ఏ చేతిలో ఉంది, ఎంతవరకు తాగారు,
చిరిగిన జాకెట్టు కుట్టు ఎడమ భుజమా కుడి భుజమా,
నిన్న కమిలిన మచ్చ ఇవాళ్టికి
ఊదాలోంచి ఎంత పసుపుకి తిరగాలి,
అన్నీ రాసుకుంటాను.
దెబ్బలకి కూడా తేదీలుంటాయి మా సినిమాలో.

ఆవేళ వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర బస్టాపు.
తెల్లవారి అయిదున్నర.
హార్బరు వైపు నుంచి డీజిలూ నీచూ కలిసిన గాలి.
సీను ఇది: ఆటోలోంచి ఒక పిల్లని కిందికి తోసేస్తారు.
బస్టాపులో ఇరవైమంది. అందరూ చూస్తారు.
తర్వాత అందరూ చూపు తిప్పుకుంటారు.
మాటల్లేవు.
డైరెక్టరు ఇందుమతిగారు మూడేళ్లు మోసిన సీను.
"ఈ మౌనం కోసమే సినిమా తీస్తున్నాను" అంటారావిడ.

పంతొమ్మిదిమంది జూనియర్ ఆర్టిస్టులు.
ఇరవయ్యో మనిషి మైలపల్లి పోలమ్మ.
ఫిషింగ్ హార్బరు నుంచి గంపతో సహా
మా ప్రొడక్షన్ కుర్రాడు పట్టుకొచ్చాడు,
ముఖం బావుందని, గంప నిజమైనదని,
అయిదొందలకి ఒప్పించి.

టేక్ ఒకటి. పిల్ల పడింది. పంతొమ్మిది తలలు తిరిగాయి.
పోలమ్మ గంప దించింది. నడిచింది.
నెత్తిమీది చుట్టకుదురు విప్పి
ఆ గుడ్డనే పిల్ల భుజమ్మీద కప్పింది.
కట్.
కొందరు నవ్వారు. మళ్లీ చెప్పారు.
టేక్ రెండు. గంప దించింది.
టేక్ మూడు. ఆటోవాడి కాలరు పట్టుకుంది.
వాడు వేషాల కోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన
అమాయకుడు, ఏడుపొక్కటే తక్కువ.
నాలుగు. అయిదు. ఆరు.
వెలుగొచ్చేస్తోందని కెమెరామన్ విసుగు.
నేను రాస్తూనే ఉన్నాను:
ఎడమ అంచున మనిషి కదిలింది. పనికిరాదు.
ఎడమ అంచున మనిషి కదిలింది. పనికిరాదు.

ఇందుమతిగారే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు.
"అమ్మా, ఇది కథ. కథలో ఎవరూ రారు.
రాలేదనే కదా మనం చెబుతున్నది."
పోలమ్మ చేపల మీద ఐసు సర్దుకుంటూ అంది:
"నాకు తెలీదేటమ్మా?
కోటవీధి సందులో నానరిసినప్పుడు
ఎవులొచ్చినారు గనక?
ముప్పై ఏళ్లయిపోనాది.
ఇప్పుడీ గుంట పడిపోతంటే
నాను కూడా రాకపోతే
ఇంకెవులొస్తారు, సెప్పు."

జనరేటరు ఒక్కటే గుర్రుమంటోంది.
హీరోయిన్, మోకాళ్ల మీద నకిలీ రక్తంతో,
రోడ్డు మీంచి లేవకుండా ఆమెనే చూస్తోంది.

అయిదొందలిచ్చి పంపేశారు.
లెక్కపెట్టుకుని బొడ్లో దోపుకుంది,
"సేపలు పాడైపోతన్నాయి" అంటూ గంపెత్తుకుంది.
ఇరవైమంది పంతొమ్మిదయ్యారు.
ఏడో టేకు ఓకే.

జగదాంబ దగ్గర హాల్లో, మ్యాట్నీకి వెళ్లాను.
ఆ సీను వచ్చింది. పాప్‌కార్న్ నమిలే చప్పుడు ఆగింది.
నా వెనక వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చింది.
నేను ఎడమ అంచునే చూస్తున్నాను.
ఎవరూ లేని చోట, సిమెంటు మీద,
గుండ్రంగా తడి.
గంప దించినప్పటి ఐసునీళ్లు.
కథలో వాన లేదు. నీళ్లు మోసినవాళ్లు లేరు.
నా లెక్కలో అది తప్పు.
తుడిపించాల్సింది నేనే.

ఆవేళే చూశాను, షాటుకి ముందే.
సెట్ కుర్రాడు గుడ్డ పట్టుకుని అడిగాడు కూడా,
"మేడమ్, తుడవాల్సినవి ఇంకేవైనా ఉన్నాయా?"
అంతకు ముందేడు గాజువాక బస్సులో,
పక్కవాడి మోచేతికి ముందుసీటు పిల్ల
కిటికీలోకి ముడుచుకుపోతుంటే,
స్టీలుప్లాంటు చిమ్నీలు లెక్కపెడుతూ
కూర్చున్నదాన్ని నేను.

"ఏం లేవు" అన్నాను.